కరిగిన నగ – కరగని ధర్మము

తెలుగువారి యిండ్లలో బంగారము కేవలము లోహము కాదు. అది లక్ష్మీస్వరూపము. ఉయ్యాలలోని పసికందు మొలత్రాటికి కట్టు చిన్న బిళ్ళ మొదలుకొని, వధువు మెడను చేరు శతమానముల వరకు ప్రతి శుభకార్యమునకు ఒక నగ సాక్షిగా నిలుచును. విజయనగర ప్రజలు తమ యిలవేల్పును పైడితల్లి యని కొలుతురు. పైడి యనగా బంగారమే. బిడ్డలకు పైడిరాజు, పైడమ్మ యని పేర్లు పెట్టుకొనుట శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో సామాన్యము. తల్లిని బంగారమని, బిడ్డను బంగారమని పిలుచుకొను జనులకు ఆ బంగారమును నిప్పులో వేయవలసి వచ్చినప్పుడు మనస్సు కలత చెందుట సహజము.

ఆ సందర్భము ఇప్పుడు తరచుగా వచ్చుచున్నది. 2025లో పది గ్రాముల మేలిమి బంగారము వెల లక్ష రూపాయలు దాటినది. ఆడపిల్ల పెండ్లికి క్రొత్తగా బంగారము కొనలేని గృహస్థులు ఇంటి పెట్టె తెరచి, తల్లిగారి కాసులపేరును, అత్తగారి వడ్డాణమును, విరిగిన గాజులను, జత తప్పిన కమ్మలను వెలికి తీయుచున్నారు. బంగారపు వర్తకమునకు పేరొందిన నరసన్నపేటలోను, శ్రీకాకుళము, విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము బజారులలోను పాత నగలను కరిగించి, కోరిన తీరున క్రొత్త నగలు చేయించుకొనువారు ఎందరో కలరు. "పెద్దలనాటి సొమ్ము కరిగించుట తగునా?" యని యింటి వృద్ధులందురు. "పెట్టెలో మూలుగుటకంటె మెడలో వెలుగుట మేలు కాదా?" యని పిల్లలందురు. రెండు మాటలలోను సత్యమున్నది. ఏ మాటకు ఎంతవరకు చోటీయవలెనో శాస్త్రమును, సంప్రదాయమును మనకు తెలుపుచున్నవి.

మొదట స్వర్ణకారుని కొలిమి యొద్ద జరుగు పనిని తెలిసికొనవలెను. పాత నగను తెచ్చినంతనే నిప్పులో వేయరు. రాళ్ళను ఊడదీయుదురు. బోలుగా చేసిన నగలలో బలమునకై నింపిన లక్కను తొలగింతురు. దారములు, మైనము, ఏండ్ల తరబడి పేరుకొనిన మట్టి, చమురు తీసివేయుదురు. మిగిలినదానిని తూచి, మూసలో నుంచి, వెలిగారము చల్లి కరిగింతురు. మేలిమి బంగారము 1064 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కరుగును. కరిగిన పసిడిని కడ్డీగా పోసి, చల్లార్చి, గీటురాయిపై గీచి గాని, యంత్రముతో పరీక్షించి గాని దాని వన్నెను నిర్ణయింతురు.

ఇచ్చటనే చాల యిండ్లలో చిక్కు పుట్టును. ఒక నగ యింటిలో తూచినప్పుడు 40 గ్రాములున్నదనుకొందము. అందులో రాళ్ళు, లక్క కలిసి 3 గ్రాములు. మిగిలినది 37 గ్రాములు. ఎన్నో అతుకులకు వాడిన టంకము చేరియుండుటచేత, కరిగిన పిమ్మట దాని వన్నె 20 కారెట్లుగా తేలినది. అనగా 24 పాళ్ళలో 20 పాళ్ళు మాత్రమే బంగారము. తక్కినది రాగి, వెండి మొదలగునవి. లెక్క చూడగా అందలి మేలిమి 31 గ్రాములకు కొంచెము తక్కువ. దానితో 22 కారెట్ల నగ చేసినచో, తరుగు లెక్కింపకయే, సుమారు 33.6 గ్రాములు వచ్చును. "నలువది గ్రాములిచ్చితిమి, ముప్పదిమూడు చేతికి వచ్చినది, తక్కినదేమాయెను?" అని గృహస్థుడు శంకించును. మోసమెన్నడును జరుగదని చెప్పరాదు. అందుచేతనే తూకమును, వన్నెను కన్నుల యెదుట చూచుకొనవలెను. అయినను లెక్క సరిగా నున్నప్పుడు గ్రహింపవలసిన సత్యమొకటి కలదు. తగ్గినది బంగారము కాదు. బంగారమని యెంచి ఇన్నాళ్ళు మోసిన బరువు మాత్రమే తగ్గినది.

మానవుని విషయమును ఇట్టిదే. నాది, నావారు, నా ప్రతిష్ఠ యని మనము మోయు బరువులో ఎంత భాగము మేలిమియో, ఎంత భాగము లక్కయో కష్టము వచ్చువరకు తెలియదు. కష్టమను కొలిమిలో పడినప్పుడు ఏదియో పోయినదని విలపింతుము. పోయినదేదో నెమ్మదిగా లెక్క చూచుకొన్నవాడు తన్ను తాను తెలిసికొనును.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలక మహర్షి తన కుమారుడైన శ్వేతకేతువునకు చేసిన ఉపదేశమున బంగారమే ఒక దృష్టాంతమైనది. పండ్రెండవ యేట గురుకులమునకేగి, ఇరువదినాలుగవ యేట వేదములన్నియు చదివి గర్వముతో మరలివచ్చిన కుమారుని చూచి, ఏ ఒక్కటి తెలిసినచో అన్నియు తెలియబడునో దానిని గురువునడిగితివా యని తండ్రి ప్రశ్నించెను. బంగారపు ముద్ద యెట్టిదో తెలిసినవానికి బంగారముతో చేసిన సమస్తమును తెలిసినట్లే యని వివరించెను. భగవద్రామానుజులు శ్రీభాష్యములోను, వేదార్థసంగ్రహములోను ఈ ఘట్టమును విశదపరచిరి. కంకణము, కుండలము అను పేర్లును, ఆకారములును అబద్ధములు కావు. ఒకే బంగారము ఒక స్థితిని వీడి మరియొక స్థితిని పొంది, వ్యవహారమునకై ఆయా పేర్లను ధరించుచున్నది. కారణమును, కార్యమును ఒకే ద్రవ్యము యొక్క రెండు అవస్థలు. అట్లే సూక్ష్మదశలోని చిదచిత్తులు శరీరముగా గల పరమాత్మయే కారణము. స్థూలదశలోని చిదచిత్తులు శరీరముగా గల ఆ పరమాత్మయే కార్యము.

ఈ సిద్ధాంతము నుండి గృహస్థుడు గ్రహింపవలసినవి రెండు కలవు. నగ కరిగినంత మాత్రమున వంశపు సిరి నశించినదని దుఃఖింపనక్కరలేదు; ద్రవ్యము నిలిచియే యున్నది. రూపము కూడ సత్యమే గనుక దానిని చులకనగా చెరపరాదు. మొదటి మాట వృద్ధులకు ఓదార్పు. రెండవ మాట పిల్లలకు హెచ్చరిక.

పాతదానిని క్రొత్త రూపున నిలుపుట దోషము కాదనుటకు మన ఆచార్యులే సాక్షులు. పిళ్ళైలోకాచార్యుల రహస్యగ్రంథమునకు శ్రీవచనభూషణమని పేరు. రత్నములు ప్రధానముగా గల నగను రత్నభూషణమన్నట్లు, పూర్వాచార్యుల వచనములు ప్రధానముగా గలది గనుక ఇది వచనభూషణమైనదని మణవాళ మహామునులు వివరించిరి. వచనములు పూర్వులవి, కూర్పు క్రొత్తది. ఆ కూర్పులో పూర్వుల మాటకు ఒక్క వన్నెయైనను తగ్గలేదు.

ఇక రూపమునకు గల విలువ శ్రీమద్రామాయణమున కనబడును. రావణుడు అపహరించుకొని పోవుచుండగా సీతమ్మ ఉత్తరీయమున మూటగట్టి జారవిడిచిన నగలను సుగ్రీవుడు చూపినప్పుడు శ్రీరాముడు వానిని హృదయమునకు హత్తుకొని కన్నీరు విడిచెను. హనుమంతుడు లంక నుండి తెచ్చిన చూడామణి, జనకుడు వివాహ సమయమున కుమార్తెకిచ్చినది. దానిని చూచినంతనే రామునకు తన తండ్రియు, మామగారును కన్నుల యెదుట నిలిచినట్లైనది. ఆ మణి విలువ యెంత యని ఆయన యడుగలేదు.

కావున పెట్టెలోని నగలన్నియు ఒక్క తీరువి కావు. చూచినంతనే గతించిన తల్లి ముఖము కన్నులకు కట్టు నగ ఆ యింటికి చూడామణి వంటిది. గడ్డు ఆపద రానంతవరకు దానిని అట్లే యుంచుట మేలు. విరిగినది, జత పోయినది, ధరించువారు లేనిది, పంపకములలో అక్కచెల్లెండ్ర నడుమ తగవు పెట్టునది కరిగి క్రొత్త రూపు దాల్చుట మేలు. బజారులో క్రొత్త తీరు వచ్చినదని రెండేండ్లకొకమారు కొలిమికి పంపుట మాత్రము ఇంటికి చేటు. కరిగించిన ప్రతిసారి తరుగు పోవును, మజూరి పెరుగును. కోరిక మాత్రము తరుగదు.

భగవన్మూర్తుల విషయమున సైతము రూపము మార్చవలసిన సందర్భములు వచ్చును. అందులకై ఆగమములు జీర్ణోద్ధరణ విధిని చెప్పినవి. అర్చామూర్తికి భంగము కలిగినప్పుడు అందలి దివ్యశక్తిని కుంభమున ఆవాహన చేసి, బాలాలయమున ఆరాధన కొనసాగించి, క్రొత్త మూర్తి సిద్ధమైన పిమ్మట మరల ప్రతిష్ఠ చేయుదురు. లోహమూర్తులను కరిగించి మరల పోతపోయుటకును విధి కలదు.

విజయనగరమునకు చేరువనున్న రామతీర్థ భక్తులు ఈ విధి యొక్క అంతరార్థమును కన్నీటితో తెలిసికొనిరి. 2020 డిసెంబరు చివరి దినములలో బోడికొండపై నున్న శ్రీకోదండరామస్వామి శిలామూర్తికి ఘోరమైన అపచారము జరిగినది. స్వామి తమ్ము విడిచిపోయెనా యని భక్తులు తల్లడిల్లిరి. తిరుపతిలో సీతారామలక్ష్మణుల క్రొత్త మూర్తులు రూపొందినవి. బాలాలయమున ఆరాధన జరిగినది. 2022 ఏప్రిల్ మాసమున, కొండపై పునర్నిర్మితమైన ఆలయమున ప్రతిష్ఠ జరిగినది. శిల క్రొత్తది, శిల్పము క్రొత్తది. మెట్లెక్కి కైమోడ్చు భక్తునకు ఎదుట నిలిచినవాడు మాత్రము నాటి కోదండరాముడే.

స్వామి మూర్తికి, ఇంటి నగకు సామ్యము చెప్పుట సాహసమే. అయినను ఆ విధిలో గృహస్థునకొక పాఠమున్నది. మూర్తిని మార్చుటకు ముందు అందలి దివ్యశక్తిని భద్రముగా వేరొకచోట నిలిపినట్లే, నగను కరిగించుటకు ముందు అందలి ధర్మమును భద్రపరుపవలెను. ఆ ధర్మము మూడు విధములు: స్వామ్యము, సత్యము, సమర్పణము.

స్వామ్యమనగా ఆ నగ యెవరిదో తెలిసికొనుట. పెక్కు యిండ్లలో మరచునది ఇదియే. ఆడపడుచు పెండ్లి కుదిరినది, బంగారము చాలలేదు. కోడలు పుట్టింటినుండి తెచ్చుకొన్న హారము పెట్టెలో నున్నది. అత్తమామలు పెద్దలు, భర్త మాట కాదనరానిది. ఆమె నోరు విప్పదు. హారము కరిగి ఆడపడుచు మెడలో నగయగును. పెండ్లిపందిరిలో అందరును ఆ నగ పనితనమును మెచ్చుకొందురు. ఆ యింటి దీపము వెలిగించు కోడలి మనస్సులో మాత్రము ఒక మంట మిగిలియుండును. మౌనము అంగీకారము కాదు. స్త్రీధనమును మోహముచేత అనుభవించు బంధువులు అధోగతి పొందుదురని మనుస్మృతి హెచ్చరించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను ననుసరించి హిందూ స్త్రీ తన యాస్తికి సంపూర్ణమైన యజమానురాలు. శాస్త్రమును, చట్టమును ఒక్క మాట చెప్పుచున్నప్పుడు మరచితిమనుటకు వీలు లేదు. ఆమె మనసారా ఇచ్చినచో అది మహాదానము. ఆమెకు మరల చేయింతుమని మాట ఇచ్చినచో అది తీర్పవలసిన ఋణము. అడుగక తీసికొన్నచో ఆ నగ యెంత అందమైనదైనను అందులో మంగళము లేదు.

సత్యమనగా తూకమును, వన్నెను దాపరికము లేక లెక్క వ్రాయుట. ఇందులకు సింహాచల క్షేత్రమున గొప్ప నిదర్శనము కలదు. ఆ కొండ విశాఖపట్టణ సమీపమున నున్నను, విజయనగర పూసపాటి వంశీయులు స్వామికి అనువంశిక ధర్మకర్తలు. శ్రీకాకుళ, విజయనగర ప్రజలకు సింహాద్రి అప్పన్న ఇంటిదైవము. కళింగ దండయాత్ర సందర్భమున 1516లో ఆ స్వామిని సేవించిన శ్రీకృష్ణదేవరాయలు సమర్పించిన కానుకలు అచ్చటి శాసనములో చెక్కబడియున్నవి. ముత్యాలహారములో ముత్యములెన్నియో, 991 అని సంఖ్యతో సహా కలదు. సార్వభౌముడు స్వామికిచ్చిన కానుకకే లెక్క యున్నప్పుడు, మన యింటి నగకు లెక్క వ్రాయుట అవమానమగునా?

ఈ లెక్కలో మాటలు కూడ సరిచూచుకొనవలెను. పూర్వపు తులము 96 గురివింద గింజల యెత్తు, అనగా సుమారు 11.66 గ్రాములు. నేడు పెక్కుచోట్ల 10 గ్రాములనే తులమని వ్యవహరించుచున్నారు. కాసు 8 గ్రాములు. అమ్మమ్మ చెప్పిన పది తులములు 116 గ్రాములై యుండవచ్చును. మనుమరాలు 100 గ్రాములని యెంచవచ్చును. ఆ వ్యత్యాసము తెలియక ఒకరినొకరు అనుమానించుకొను కుటుంబములుండును. కరిగించుటకు ముందు, రాళ్ళు తీసిన పిమ్మట, కరిగిన పిమ్మట తూకమును వ్రాసి, వన్నెను వ్రాసి, భాగస్థులందరకు చూపవలెను. దేశమున 2021 జూన్ మాసము నుండి బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర దశలవారీగా తప్పనిసరి యైనది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ ముద్రతోబాటు ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉండవలెనను నియమము వచ్చినది. క్రొత్త నగ చేయించుకొనువారు ఆ ముద్రను, సంఖ్యను చూచి తీసికొనుట మేలు. స్వర్ణకారుని శంకించుటకు కాదు, మన తరువాతివారికి శంక మిగులకుండుటకు. రాత్రింబగళ్ళు పొగలో, వేడిలో కన్నులు చెమర్చ పనిచేయు ఆ శిల్పికి న్యాయమైన మజూరిని బేరమాడక ఇచ్చుటయు సత్యములోని భాగమే.

సమర్పణమనగా ఆ బంగారములో ఒక పాలు భగవంతునిదని గుర్తించుట. నేడు అక్షయతృతీయ యనగానే బంగారు దుకాణములు కిటకిటలాడుచున్నవి. ఆనాడు చేసిన దానము అక్షయమగునని శాస్త్రము చెప్పినది. కొన్నదానిని గూర్చి కాదు, ఇచ్చినదానిని గూర్చి. ఆ వైశాఖ శుద్ధ తదియనాడే సింహాచలమున చందనోత్సవము జరుగును. ఏడాది పొడవున చందనపు పూతలో నుండు వరాహనృసింహుడు ఆ పూత తొలగింపబడి ఆనాడు మాత్రమే నిజరూప దర్శన మనుగ్రహించును. ఉత్తరాంధ్ర పల్లెల నుండి జనులు రాత్రియనక పగలనక కొండకు తరలివత్తురు. మనము క్రొత్త అలంకారమునకై బజారునకేగు దినముననే స్వామి తన అలంకారమును వీడి తన్ను తాను చూపుచున్నాడు. ఇందలి భావమును గ్రహించినవాడు ఆనాడు తన పెట్టెను మరియొక విధముగ తెరచును. పాత నగలు కరిగించినప్పుడు మిగిలిన చిన్న తునుకతో ఒక పేదపిల్లకు శతమానములు చేయించి యిచ్చినచో అది అక్షయమగును. తిరుమల హుండీలో భక్తులు వేయు నగలను కరిగించి కడ్డీలుగా మార్చుదురు. శ్రీమంతురాలి కంకణమును, కూలి చేసికొను తల్లి ముక్కుపుడకయు ఒకే కడ్డీలో కలియును. అచ్చట ఎవరి పేరును ఉండదు. అర్పించినవారి భావము స్వామికి తెలియును.

శ్రీకాకుళమునకు సమీపమున శ్రీకూర్మ క్షేత్రమున శ్రీమన్నారాయణుడు కూర్మరూపమున ఆరాధింపబడుచున్నాడు. మందరపర్వతము క్షీరసాగరమున క్రుంగినప్పుడు స్వామి ఆ రూపము దాల్చి దానిని తన వీపుపై మోసెను. ఆ మథనము నుండియే లక్ష్మీదేవియు, కౌస్తుభమణియు ఉద్భవించిరి. స్వామి ఇరువురకును తన వక్షఃస్థలమున చోటిచ్చెను. ఆ కౌస్తుభము జీవతత్త్వమని శ్రీవిష్ణుపురాణము తెలుపుచున్నది. భగవంతుడు తన ఆయుధములుగా, ఆభరణములుగా సమస్త తత్త్వములను ధరించియున్నాడని చెప్పుచు, పరాశర మహర్షి జీవునకు కౌస్తుభ స్థానమిచ్చెను.

ఇంతకంటె గొప్ప మాట మరియొకటి లేదు. నగలు ధరించువారమని మనమనుకొందుము. వాస్తవమున మనమే స్వామి ధరించు నగలము. బంగారము నగరూపము వీడి మరల ముద్ద యగునట్లు, జీవుడు ముక్తిలో తన వ్యక్తిత్వమును కోల్పోడు. ఉపమానమును ఇంతవరకే గ్రహింపవలెనని విశిష్టాద్వైత సిద్ధాంతము. దేహములు మారును, జన్మలు మారును, కష్టములనెడి కొలిమిలో అహంకారమనెడి లక్క కరిగిపోవును. జీవుడు మిగులును. ఆ జీవుడు ఎవరిదో ఆ స్వామి యెన్నడును మరువడు.

తన సొత్తు నెన్నడును పోగొట్టుకొనని ఆ స్వామిని తలచుకొని, ఇతరుల సొత్తును అన్యాయముగా తాకక, తూకములో అసత్యము కలుపక, కలిగినదానిలో ఒక పాలు దీనులకిచ్చి నగలు చేయించుకొను గృహము ధన్యము. అట్టి యింటి కొలిమిలో కరగినది ఏదైనను నష్టము కాదు. శ్రీకూర్మనాథుడును, సింహాద్రినాథుడును, రామతీర్థ కోదండరాముడును భక్తులందరకు అట్టి మేలిమి బుద్ధిని ప్రసాదింతురుగాక!